అమ్మగారి బల్ల

రొట్టె కొస ఎవరు తిన్నారన్న దాని మీద ఇవాళ పొద్దున మా ఇంట్లో గొడవ. తిన్నది నేనే. రెజీస్ బుట్టలో చూశాడు, బుట్ట మీది గుడ్డ ఎత్తి చూశాడు, చివరికి నా పళ్ళెం పక్కన రాలిన పొట్టు చూసి మొహం మార్చాడు.

"కొస నువ్వు తిన్నావా?"

"తిన్నాను. దాని మీద నీ పేరేమైనా రాసుందా?"

"నీకు కొస పడదుగా. పెళ్ళైన దగ్గర్నుంచీ మెత్తటి ముక్కే తింటావు. కొస అమ్మది."

"మీ అమ్మ పోయి ఏడాదైంది, రెజీస్."

"ఇవాళ్టితో అవుతుంది. ఇంకా అవలేదు."

మా అమ్మాయి క్లెమాన్స్ కాఫీ గిన్నెలోంచి తల ఎత్తకుండానే, "కొస ముక్క కోసం మీరు విడాకులకి వెళితే నేను సాక్ష్యం చెప్పను, ముందే చెప్తున్నా," అంది. నేను నాలుకతో చిగుళ్ళు తడుముకుంటున్నాను, గట్టి పెచ్చు గీసుకుని మండుతున్నాయి, అంటే నిజంగానే తిన్నాను, కానీ తింటున్నంతసేపూ తింటున్నానన్న ధ్యాస నాకు లేదు. క్లెమాన్స్ గిన్నె కడిగి బోర్లించి, వంటవాళ్ళ తెల్ల కోటు గుండీలు పెట్టుకుంటూ అడిగింది. "ఇంతకీ ఇవాళ కూర్చుంటున్నావా, లేదా? నువ్వు కూర్చోకపోతే నేను కూర్చుంటాను. వరసకి తర్వాత నేనేగా." పాలు ఎవరు తెస్తారని అడిగినంత తేలిగ్గా అంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. "నేనే కూర్చుంటాను," అన్నాను, ఆలోచించడానికి నాకు టైము కూడా చిక్కలేదు.

ఇప్పుడు పన్నెండున్నర దాటింది, కూర్చున్నాను. వంటగది తలుపు పక్కన స్తంభానికి ఆనించిన ఒంటి బల్ల, ఒకటే కుర్చీ, ఎదురుగా గోడంత అద్దం. వంటగదిలోంచి వచ్చే ప్రతి పళ్ళెమూ ఇక్కడికి కనిపిస్తుంది, హాల్లో నమిలే ప్రతి నోరూ కనిపిస్తుంది, అందుకే అమ్మగారి బల్ల ఇక్కడుంది. నూటపదేళ్ళ కిందట లియోన్ ఊళ్ళో ఈ కొండవాలు వీధిలో పట్టు నేతగాళ్ళకి భోజనం పెడుతూ మొదలుపెట్టిన యూజెనీని ఊరంతా జొమార్ అమ్మ అనేది, హోటలుకి ఇప్పటికీ అదే పేరు, ఆవిడ తర్వాత ఆవిడ కోడలు అమ్మగారైంది, తర్వాత ఆ కోడలి కోడలు మార్సెల్, అంటే మా అత్తగారు. వంట ఎవరైనా చెయ్యచ్చు, మొగుళ్ళు చేశారు, మరుదులు చేశారు, రెజీస్ పాతికేళ్ళుగా చేస్తున్నాడు, బాగుందో లేదో చెప్పేది మాత్రం అమ్మగారు, ఆవిడ మాటకి తిరుగులేదు. ఒక అమ్మగారు పోయాక ఏడాదిపాటు ఈ బల్ల మీద రోజూ మధ్యాహ్నం చెంచా, గ్లాసు, మడత పెట్టిన గుడ్డ పెట్టి ఉంచుతారు, ఎవరూ కూర్చోరు. ఏడాది నిండిన రోజున ఇంటి తర్వాతి ఆడమనిషి, హాలు నిండా జనం ఉండగా, ఒంటరిగా కూర్చుని భోజనమంతా తినాలి. ఆఖరున వచ్చే, ఈ ఇంటికి పేరు తెచ్చిన కోడి తినడం అయ్యాక కత్తీ ఫోర్కూ పళ్ళెంలో పక్కపక్కన పెట్టిందంటే ఇల్లు సరిగ్గా ఉన్నట్టు, లేచిన మనిషి ఆ నిమిషం నుంచి అమ్మగారు. రెండు వేళ్ళు ఎత్తిందంటే పళ్ళెం వెనక్కి పోతుంది, అది వండిన మనిషి ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఆ కోడిని ముట్టుకోకూడదు. మార్సెల్ తన వంతు వచ్చిన రోజున రెండు వేళ్ళూ ఎత్తిందట. వండింది సొంత మరిది. ఆ సాయంత్రమే కత్తులు గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు, ఇరవై ఏళ్ళకి శవపెట్టెలో తిరిగొచ్చాడు.

కుర్చీ వెచ్చగా ఉంది. నేను కెమిస్ట్రీ చదివాను, పట్టా మేడ మీద బీరువాలో దుప్పట్ల కింద ఉంది, గోడకి అవతల ఇనుప పొయ్యి పొద్దున ఆరింటి నుంచీ మండుతోంది, గోడ కాగింది, దాన్ని ఆనుకున్న కుర్చీ కాగింది, ఇందులో చెప్పుకోవాల్సింది ఏమీ లేదు. గోడకి తగిలే వీపు చల్లగా ఉండి కూర్చున్న చోటు మాత్రమే ఎందుకు వెచ్చగా ఉందో ఆలోచిస్తే దానికీ ఏదో ఒక కారణం దొరక్కపోదు, ఆలోచించడం మానేశాను. కాళ్ళ సంగతి వేరు. మార్సెల్ నాకంటే జానెడు పొట్టి, ఆవిడ పాదాలు నేలకి ఆనాలని ఈ కుర్చీ కాళ్ళూ, దానికి తగ్గట్టు బల్ల కాళ్ళూ కోయించారు, ఏడాది కిందట ఇదే కుర్చీలో ఆవిడ చేతిసంచీ అందుకోవడానికి ఒక్క క్షణం కూర్చుంటే నా మోకాళ్ళు బల్ల చట్రానికి కొట్టుకున్నాయి, నల్లగా కమిలితే వారం రోజులు మందు రాసుకున్నాను. ఇవాళ తగల్లేదు. పాదాలు రెండూ నిండుగా నేల మీద ఆనాయి, మోకాళ్ళకీ చెక్కకీ మధ్య అరచెయ్యి పట్టేంత చోటుంది. బల్ల మార్చారేమోనని కిందికి వంగి చూడబోయాను. హాల్లో పెద్దావిడ వంగి బల్ల కింద వెతకడం బాగుండదనిపించింది. పెద్దావిడ అని నన్ను నేను ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టాను?

ఫార్జో మొదటి పళ్ళెం తెచ్చాడు, ఆర్టిచోక్ అనే కూరమొగ్గ గుండెలో బాతు కాలేయం. నలభై ఏళ్ళుగా ఈ హాలు పెద్ద ఆయనే, నడిస్తే బూట్లు చప్పుడు చెయ్యవు. "ఒదీల్ గారూ, మీకు కానివ్వండి," అన్నాడు, ఆ పేరు పెట్టి పిలవడం ఇదే ఆఖరన్నట్టు దాన్ని మెల్లిగా పలికాడు. నేను అడక్కుండానే వైన్ సగం గ్లాసు పోసి అందులో నీళ్ళు కలిపాడు, నేను వైన్లో నీళ్ళు కలుపుకోను, కలిపేది ఆవిడ, ఆ మాట చెబుదామని నోరు తెరిచేలోపే ఆయన వెళ్ళిపోయాడు, తాగితే బాగానే ఉంది. ఎదురుగా అద్దం. అంచుల్లో వెండి పూత నల్లబడి మచ్చలు తేలింది, గాలిలో గంధకం ఉంటే అలాగే అవుతుంది, వందేళ్ళ కోడిగుడ్లు, వందేళ్ళ ఉల్లి. ఆ మచ్చల్లో ఒకటి సరిగ్గా నా మొహం పడే చోట ఉంది, అందుకని అద్దంలో నాకు మెడ కనిపిస్తోంది, భుజాలు కనిపిస్తున్నాయి, చేతులు కనిపిస్తున్నాయి, మొహం కనిపించడం లేదు. ఎడమ భుజం కొంచెం కిందికి ఉంది. వరసగా కూర్చున్న ముగ్గురు ఆడవాళ్ళ ఫొటోలు గల్లా వెనక గోడకి వేలాడుతున్నాయి, ముగ్గురికీ ఎడమ భుజం కిందికే, ఒకరికొకరు రక్తం పంచుకున్నవాళ్ళు కూడా కారు, తర్వాతి ఇద్దరూ వేరే వేరే ఊళ్ళ నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. ఎడమ చేతిపక్క తలుపు ఉంది కదా, ఎప్పుడూ అటు చెవి ఒగ్గి కూర్చుంటే భుజం అలాగే దిగుతుంది అనుకున్నాను. కానీ నేను కూర్చుని పావుగంటే అయింది. భుజం ఎత్తి సరిచేసుకున్నాను. చేపముద్దలు వచ్చేసరికి మళ్ళీ దిగి ఉంది.

ముప్పై రెండేళ్ళు ఈ హాలు నెత్తి మీద కాపురం చేసి ఒక్కసారి కూడా ఇక్కడ భోజనం చెయ్యలేదంటే మా చెల్లెలు నమ్మదు. పెళ్ళైన కొత్తలో వంటగదిలోకి దిగబోతే మార్సెల్ తలుపు దగ్గరే నిలబడి, "చదువుకున్నదానివి, చేతులు పాడు చేసుకోకు, పైన మా అబ్బాయికి చొక్కాలు ఇస్త్రీ చెయ్యి," అంది. తర్వాత నేను ఎప్పుడూ దిగలేదు, నాకూ పౌరుషం ఉంది. కానీ మేడ మీద మా వంటింట్లో గోడకి ఒక గూడుంది, ఒకప్పుడు కింద వండినవి పైకి పంపడానికి తాళ్ళతో లాగే పెట్టె ఉండే గూడు, పెట్టె ఎప్పుడో తీసేశారు, సందు మిగిలింది. ఆ సందులోంచి అన్నీ వచ్చేవి. సాస్ మరిగే వాసన, మాడిన వెన్న వాసన, ఆవిడ తిట్లు, ఫార్జో దగ్గు, గిన్నెల మోత, ఎవరి కోడి వెనక్కొచ్చిందో, ఎందుకొచ్చిందో. నేను ఉల్లికాడలు తరుక్కుంటూ, పిల్లకి జడ వేస్తూ, ముప్పై రెండేళ్ళు ఆ సందుకి చెవి ఆనించి బతికాను. దిగకుండానే ఇల్లంతా నాకు తెలుసు. ఇది ఇప్పుడెందుకు చెప్పుకుంటున్నానంటే, నోటరీ వాగనే గారు ఇప్పుడే వచ్చి వెళ్ళారు.

ఎనభై ఎనిమిదేళ్ళు, చూపు లేదు, కిటికీ పక్క బల్ల నుంచి కర్ర పొడుచుకుంటూ వచ్చి నా చెయ్యి అందుకుని ముద్దు పెట్టి, "మార్సెల్, ఇవాళ కళగా ఉన్నావోయ్! నిన్ను పాతిపెట్టామని ఎవడో చెప్పాడు నాకు, వెధవ," అన్నారు. నేను ఒదీల్‌ని అని చెప్పాలి. చెప్పడం ఎంత సేపు? నా నోరు తెరుచుకుంది, నాకు వినిపించింది. "మీ ఆవిడకి ఆ రోజు ఆర్టిచోక్ వాసన పడలేదుగా, అందుకని చేపముద్ద ఇంకోటి వడ్డించమన్నాను." ఆయన కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "నువ్వొక్కదానివే గుర్తుంచుకున్నావు," అన్నారు. "పెద్దవాడు కడుపులో ఉన్నాడు అప్పుడు. ఇంకా మా అమ్మకి కూడా చెప్పలేదు. నీ చెవిలో మాత్రమే చెప్పింది." కర్ర చప్పుడు కిటికీ వైపు వెళ్ళిపోయింది. వాళ్ళ పెద్దవాడికి ఇప్పుడు యాభై ఆరేళ్ళు, నాకంటే పెద్ద. ఆ రోజుకి నేను పుట్టలేదు. మార్సెల్ తర్వాత ఎప్పుడో వంటగదిలో ఈ కథ చెప్పి ఉంటుంది, సందులోంచి పైకి వచ్చి ఉంటుంది, నేను ఉల్లికాడలు తరుక్కుంటూ విని మర్చిపోయి ఉంటాను. అలాగే అయి ఉంటుంది. అలాగే అయి ఉండాలి. చేపముద్ద నోట్లో కరిగిపోయింది, ఏ రుచీ తెలియలేదు, చెయ్యి ఉప్పు గిన్నె వైపు వెళ్ళి వేలికొసతో ఒక్క రవ్వ తీసి చల్లింది, అప్పుడు తెలిసింది.

ఆస్పత్రిలో చివరి వారం ఆవిడ నన్నే ఉండమంది, కొడుకుని వద్దంది. కిటికీ బయట సోన్ నది మీద పొగమంచు. "ఒదీల్, తలుపు వెయ్యి. వాడు లేడుగా?" లేడన్నాను. "ఆ కోడి నాకు ఎప్పుడూ ఇష్టం లేదు," అంది. మతి తప్పి మాట్లాడుతోందనుకున్నాను. తెల్లటి చర్మం కింద నల్లటి ట్రఫుల్ పుట్టగొడుగు బిళ్ళలు పొదిగి ఉడికిస్తారు, చూడ్డానికి తెలుపులోంచి నలుపు తొంగి చూస్తుంటుంది, మొగుడు పోయిన ఆడవాళ్ళు నల్లబట్టలు వదిలి నలుపూ తెలుపూ కలిపి కట్టుకునే రోజుల పేరే దానికి పెట్టారు, సగం సంతాపం. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో దాని కోసమే వస్తారు. "అరవై ఏళ్ళు తిన్నారు కదండీ?" అన్నాను. మార్సెల్ నా వైపు తిరిగింది, ఎన్నడూ లేనంత మామూలుగా, పక్కింటావిడతో మాట్లాడినట్టు, "తిన్నది నేనని నీతో ఎవరన్నారు?" అంది. తర్వాత చిన్నప్పుడు వాళ్ళమ్మ చేసినట్టు ఉడకబెట్టిన గుడ్డు, పైన రెండు చుక్కల వెనిగర్, ఆ ఒక్కటీ తెచ్చి పెట్టమంది. చిన్నపిల్లలా అడిగింది. ఇంటికి పరుగెత్తుకెళ్ళి చేసి, గిన్నె కోటు లోపల పెట్టుకుని, వేడి తగ్గకుండా తెచ్చాను. చెంచా పెదాలకి తగిలేసరికి మొహం గట్టిపడింది, "పులుపు," అంది, పాత గొంతుతో, రెండు వేళ్ళు దుప్పటి మీంచి లేచాయి. గుడ్డు నేనే తిన్నాను, కారిడార్లో, నిలబడి. ఆ రెండు వేళ్ళు ఎత్తింది ఆవిడేనా అని ఏడాదిగా అనుకుంటున్నాను.

ఫార్జో కోడిని తెచ్చాడు. గుడ్డ విప్పాడు, ఆవిరి లేచింది, నా కళ్ళెదురుగా కోశాడు, రొమ్ము ముక్క, పైన నాలుగు నల్ల బిళ్ళలు, పక్కన మీగడ సాస్. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తలుపుకున్న గుండ్రటి గాజులోంచి ఎవరెవరో చూస్తున్నారు. ముక్క కోశాను, సాస్‌లో ముంచాను, నోట్లో పెట్టుకున్నాను.

తప్పు. మొదటి మాట అదే వచ్చింది, నాలుక వెనక నుంచి, ఎవరో గట్టిగా అన్నట్టు. తప్పు, పులుపు, మీగడ బరువు తగ్గింది, ఇది మా సాస్ కాదు, వెనక్కి. అదే సమయంలో, అదే నాలుక ముందు భాగంలో, ఇంకొకటి జరిగింది, చాలా చిన్నగా, అబ్బ, ఎంత బాగుంది. రెండూ ఒకేసారి. ఒక నోట్లో ఇద్దరు నమిలితే ఎలా ఉంటుందో నాకు ఇప్పుడు తెలుసు. ఆ పులుపు నాకు తెలుసు. ఆపిల్ వెనిగర్, పొయ్యి కట్టేశాక, ఐదు చుక్కలు. ఉల్లికాడలూ బంగాళాదుంపలూ ఉడికించి చేసే నా సూప్‌లో నేను వేస్తాను, ఇంకెవరూ వెయ్యరు. సోమవారాలు హోటలు మూసినప్పుడు మార్సెల్ మేడ మీదికి వచ్చి ఆ సూప్ తాగుతూ, "ఏం ఒదీల్, పాలు విరిగాయా?" అనేది ప్రతిసారీ, క్లెమాన్స్ ఏడేళ్ళదై ఉండి గిన్నె చాపి "ఇంకొంచెం" అనేది, ముసలావిడకి వినపడాలని మరీ గట్టిగా అనేది. వండింది రెజీస్ కాదు. రెజీస్ చచ్చినా చేసేవాడు కాదు. మేడ మీది వంటింటి రుచిని నా కూతురు కిందికి మోసుకొచ్చింది, మోసుకొచ్చి ఈ ఒక్క రోజున, ఈ ఒక్క పళ్ళెంలో, నా ముందు పెట్టింది. పిచ్చి పిల్ల. వెనక్కి పంపితే దాని గతి ఏమిటో దానికి తెలుసు.

నా కుడి చెయ్యి గాలిలో ఉంది. అద్దంలో చూశాను, రెండు వేళ్ళు, నిటారుగా. ఎప్పుడు ఎత్తానో తెలియదు. దిగమన్నాను, చేతిని, మనసులో, స్పష్టంగా, దిగలేదు. హాలు అవతల ఫార్జో మొహం తెల్లబడింది, నడవడం మొదలుపెట్టాడు, పది బల్లల దూరం, తొమ్మిది, కిటికీ దగ్గర ఒక పాపాయి చెంచాతో గ్లాసు కొడుతోంది, ఎవరో నవ్వుతున్నారు. కెమిస్ట్రీ ప్రయోగశాలలో ఒకసారి ఆమ్లం నా మణికట్టు మీద పడితే చెయ్యి ఇలాగే నాది కానట్టు దూరంగా కనిపించింది, అప్పుడు ప్రొఫెసరు, నీ పేరేమిటి, పేరు చెప్పు, చెబుతూ ఉండు అంటూ నీళ్ళు పోశాడు. నా పేరు ఒదీల్, నేను గ్రెనోబ్ల్ నుంచి వచ్చాను, మా నాన్న రైల్వేలో పనిచేశాడు, నాకు రొట్టె కొస పడదు, వైన్లో నీళ్ళు కలుపుకోను, నా సూప్‌లో వెనిగర్ వేస్తాను, ఐదు చుక్కలు, పొయ్యి కట్టేశాక. ఫార్జో నా పక్కన వంగాడు. "పళ్ళెం తియ్యమంటారా?" అన్నాడు. తియ్యి, అంది నా నోరు. లోపలే అంది, పెదాల దాకా వచ్చింది. నేను పళ్ళు బిగించి, వేళ్ళు రెండూ మడిచి, మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకుని బల్ల మీదికి దింపాను. "రొట్టె," అన్నాను. "సాస్ మిగిలింది, తుడుచుకోడానికి. మెత్తటి ముక్క."

ఆయన వెళ్ళి తెచ్చేలోపు తలుపు గాజు వెనక క్లెమాన్స్ మొహం ఒక్కటే మిగిలింది. ఏడవడం లేదు, నవ్వడం లేదు. చూస్తోంది. పళ్ళెమంతా తిన్నాను, ప్రతి ముక్కా, లోపల ఒకరు ఉమ్మెయ్యమంటూనే ఉన్నారు, నేను తింటూనే ఉన్నాను. కత్తీ ఫోర్కూ పక్కపక్కన పెట్టాను. వంటగదిలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు, గిన్నెల మోత మళ్ళీ మొదలైంది. లేచేటప్పుడు కుర్చీ నాతోపాటు కొంచెం లేచి దిగింది, గౌను అంచు ఎక్కడో చిక్కుకుని ఉంటుంది.

మూడింటికి హాలు ఖాళీ అయ్యాక పనివాళ్ళూ ఇంటివాళ్ళూ వంటగదిలో పొడుగాటి బల్ల చుట్టూ కలిసి తింటారు, దాన్ని ఇక్కడ ఇంటి భోజనం అంటారు. నేను ఇన్నేళ్ళూ పైన ఒక్కదాన్నే తిన్నాను. ఇవాళ దిగాను. కాల్చిన సాసేజీలు, మసూరు పప్పు. బల్ల మొదట్లో ఉన్న కుర్చీ నాకోసం లాగి ఉంచారు, నేను పోయి బెంచీ మీద గిన్నెలు కడిగే సిదీ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను, అతను భయపడి జరిగాడు. రెజీస్ నా వైపు చూడడం లేదు. "వెనిగర్ వేసిందని నాకు తెలీదు," అన్నాడు, పప్పుతో చెబుతున్నట్టు. "చెప్తే వెయ్యనిస్తావా నాన్నా?" అంది క్లెమాన్స్. "నీ చేతిలో పడితే వెనిగర్ సీసాకి తాళం వేస్తావు." ఎవరో కిసుక్కుమన్నారు. మొహం వెలిగిపోతోంది దానికి, పచ్చి ఉల్లిపాయ కొరుకుతూ నాకేసి చూసి కన్ను కొట్టింది.

"నేనొక మాట చెప్పాలి," అన్నాను.

పదకొండు ఫోర్కులు ఒకేసారి బల్ల మీదికి దిగాయి. అమ్మగారు మాట్లాడితే ఈ వంటగదిలో ఫోర్కులు దించుతారు, ఆవిడ మళ్ళీ ఫోర్కు ఎత్తేదాకా ఎవరూ ముట్టరు, పైన సందులోంచి ఆ నిశ్శబ్దం నాకు వినిపించేది. నేను నింపాదిగా చెప్పాను. కోడి ఇక క్లెమాన్స్ వండినట్టే ఉంటుంది. రేపటి నుంచి ఆ ఒంటి బల్ల దగ్గర వచ్చేపోయేవాళ్ళు ఎవరైనా కూర్చుంటారు. ఈ ఇంట్లో ఇక అమ్మగారంటూ ఎవరూ ఉండరు, నేను ఒదీల్‌ని, నేను పైకి వెళతాను. నా గొంతు బాగానే పలికింది. ఫార్జో మర్యాదగా, చాలా మర్యాదగా అన్నాడు. "మరి రేపు సాస్ ఎవరు చూస్తారు, ఒదీల్ గారూ?" రెజీస్ అన్నాడు. "ఉండకపోవడం అంటూ ఉండదు. నువ్వు కాకపోతే క్లెమాన్స్ వంతు. అంతేగా?" అందులో కోపం లేదు, పాపం, వానొస్తుంది గొడుగు తీసుకెళ్ళు అన్నట్టు అన్నాడు. ఫోర్కులు అలాగే ఉన్నాయి. పప్పు మీద నూనె గడ్డ కడుతోంది. ఒదీల్ చెప్పినది ఎవరికీ చేరలేదు, ఒదీల్ ముప్పై రెండేళ్ళు చొక్కాలు ఇస్త్రీ చేసిన మనిషి.

క్లెమాన్స్‌కి ఆకలి. ఐదింటికి లేచిన పిల్ల. దాని చెయ్యి ఫోర్కు వైపు కదిలింది, ఏమీ ఆలోచించకుండా, మామూలుగా, అప్పుడు పది జతల కళ్ళు ఆ చేతి మీదికి తిరగడం చూశాను. అందరి చేతులూ తమ తమ ఫోర్కుల పక్కన సిద్ధమయ్యాయి, అది ఎత్తితే ఎత్తడానికి. క్లెమాన్స్ ఎడమ భుజం కొంచెం కిందికి దిగింది.

నేను నా ఫోర్కు ఎత్తాను. ముందు నేనే. పప్పు నోట్లో పెట్టుకుని నమిలి మింగాను, పది ఫోర్కులు నా వెనకే లేచాయి, పదకొండోది ఆగిపోయింది. క్లెమాన్స్ నోరు కొంచెం తెరుచుకుంది. నేను లేచి వెళ్ళి బల్ల మొదట్లో లాగి ఉంచిన కుర్చీలో కూర్చున్నాను. అక్కడి నుంచి అందరి మొహాలూ కనిపిస్తాయి.

"ఉప్పు తక్కువైంది," అన్నాను. ఎవరో ఉప్పు గిన్నె జరిపారు. "ఇప్పుడు వినండి. రేపు ఆ బల్ల వేసే ఉంచండి, నేను కూర్చుంటాను. నేనున్నన్నాళ్ళూ నేనే కూర్చుంటాను. నేను పోయిన రోజు సాయంత్రం, ఏడాది ఆగొద్దు, ఆ సాయంత్రమే, దాన్నీ ఆ కుర్చీనీ గొడ్డలితో చీల్చి ఈ పొయ్యిలో పెట్టండి. ఫార్జో, నువ్వుంటే నువ్వు, లేకపోతే సిదీ. నా కూతురు అక్కడ కూర్చోదు. అది నిలబడి వండుతుంది. ఇది నా మాట."

రెజీస్ తల వంచాడు. ఫార్జో లేచి నిలబడ్డాడు, సిదీ నిలబడ్డాడు, బెంచీలు గీసుకున్నాయి, ఈ ఇంట్లో నూటపదేళ్ళలో ఎవరూ కాదనని మాటకి వాళ్ళ నోళ్ళు తెరుచుకున్నాయి. అన్నిటికంటే ముందు వినిపించింది క్లెమాన్స్ గొంతు, పుట్టిన దగ్గర్నుంచీ నన్ను అమ్మా అని తప్ప పిలవని గొంతు.

"అలాగే, అమ్మగారూ."